యాది పట్టీ

రాత్రి నిజామాబాద్ బండికి పొయ్యేముందు
తౌఫీక్ కొత్త మెమరీ పట్టీ ఎక్కించి పోయిండు.
పొద్దుగాల బటన్ ఒత్తితే
అద్దం నల్లగనే ఉన్నది.
డబ్బా లోపటికెంచి మూడు కూతలు.
ఆగి, మల్ల మూడు.

"మూడు కూతలంటే ఏంది తమ్మీ?"
"యాదికి వస్తలేదని ఏడుస్తున్నదక్కా."

ఇది ధర్మాబాద్. ఫాల్గుణం.
మార్కెట్ నిండ మిరప.
ఇటు బాసర దిక్కు కెంచి, అటు గోదారి దాటి బిలోలి కెంచి
వచ్చిన బండ్లన్ని గేటుకాడ వరుస.
బిల్లు మరాఠీల రాస్తం,
బేరం తెలుగుల చేస్తం,
తుమ్ముకు మాత్రం ఏ భాషా లేదు.

"వైరు పీకి మూత విప్పు," ఫోన్ల తౌఫీక్.
"ముందు ఏదన్న ఇనుము ముట్టుకో,
ఒంట్ల కరెంటు దిగిపోవాలె."
పక్కకే బస్తాలు తూచే కాంట.
ముట్టుకుంటే ముల్లు వణికింది.
గడపల కూసున్న బిలోలి మారోతి
నా చెయ్యినే చూసిండు.

మూత విప్పితే
లోపట మల్లొక మిర్చి యార్డు.
ఫ్యాను రెక్కల మీద ఎర్ర దుమ్ము,
తీగల మీద ఎర్ర దుమ్ము,
మూలకు ఒక్క గింజ,
వాన కోసం చూస్తున్నట్టు.
నేను తుమ్మిన. చిందంవార్ శేఠ్ తుమ్మిండు.
బస్తాలు కుట్టే గంగుబాయి తుమ్మలే,
ఆమె ముక్కుకు కొంగు కట్టి ఇరవై ఏండ్లాయె.

"రెండు పట్టీలు తియ్యి. పాతదొక్కటే పెట్టు."
పెట్టిన. లేచింది, కుంటుకుంట.
"అది తీసి కొత్తదొక్కటే పెట్టు."
మూడు కూతలు.
"గట్టిగ ఒత్తినవా? రెండు దిక్కుల చెవులు టక్కుమనాలె."
అన్నయి.
అయినా మూడు కూతలు.
"ఇగ రబ్బరున్నదా? పెన్సిల్ రబ్బరు.
కింద బంగారి పండ్లుంటయి చూడు, అవ్వి రుద్దు."

రబ్బరంటే ఈ దుకాణంల ఒక్కరి దగ్గర్నే.
మునీమ్ పోశెట్టి కాక.
చెవుల పెన్సిలు, జేబుల రబ్బరు.
కంప్యూటర్ వచ్చినంక గాయనకు
బస్తాలు లెక్కపెట్టుడు తప్ప వేరే పని లేదు.
ఏ రైతు ఏ సాలు ఎంత బాకో
కండ్లు మూసుకొని చెప్తడు,
కండ్లు తెరిస్తే
అద్దాలు ఏడ పెట్టిండో చెప్పలేడు.

పట్టీ అందుకొని ఎలుగుకు తిప్పిండు.
"నలభై ఏండ్లు చెడిపేతందుకే రుద్దిన.
యాదికి రావాలని రుద్దుడు ఇదే మొదలు."
పసిపోరని పండ్లు తోమినట్టు రుద్దిండు.
ఊదబోతే ఫోన్లకెంచి తౌఫీక్ మొత్తుకున్నడు,
"ఉఫ్ అనొద్దు! తడి, తడి!"
నోటిదాక వచ్చిన గాలిని కాక మింగిండు.

రెండూ కల్పి పెట్టినం.
ఒక్కటే కూత.
అద్దం తెల్లారింది.

"కొత్తది ఉరికేదే గాని," అన్నడు తౌఫీక్,
"పక్కన పాతది ఉంటే దాని నడకే నడుస్తది."
కాక ఏమనలే.
రబ్బరు అంగీకి తుడుచుకున్నడు.

ఎనిమిది అని పైసలు కట్టినం,
అద్దం మీద ఏడు చిల్లర చూపెడ్తున్నది.
"మిగిలింది ఏడ పోయిందిరా?"
"బొమ్మ చూపెట్టేతందుకు
అదే కొంత కోసుకుంటదక్కా. చెడిపోలే."
మారోతి గప్పుడు నవ్విండు,
పొద్దటికెంచి మొదటిసారి.
"అయ్యో, దీంట్ల గూడ కడ్త ఉన్నదా!"
గంగుబాయి నవ్వు కొంగుల్నే ఆగింది.
శేఠ్ గల్లాపెట్టెల ఏదో దేవులాడిండు.

బిల్లు తీసిన.
ముప్పై రెండు బస్తాలు,
బస్తాకు రెండు కిలోల కడ్త,
మరాఠీల, సక్కగ, ఒక్క తప్పు లేకుంట.
మారోతి చూడలే.
కాయితం కాక దిక్కు చాపిండు.

కాక కండ్లు మూసుకున్నడు.
పెదవులు కదులుతున్నయి.
చెయ్యి మెల్లగ
జేబుల రబ్బరు దిక్కు పోయింది.